ఆకుపచ్చ అయ్యేదాకా

రైల్వే క్వార్టర్,
వంటగది బల్ల మీద నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

అక్కడి చేపల కొట్టు అతనితో నేను పంపించిన గ్యాసు సిలిండర్, సామాను పార్సిల్ అందిందని ఫోన్లో చెప్పావు. ఎలా బిగించాలో నేను చెప్పడం మొదలుపెట్టగానే, కింద కొట్లో కుట్టుమిషన్ల చప్పుడు మధ్య "ఊ, ఊ" అన్నావు. నీ ఊ సంగతి నాకు తెలియదూ? ఎక్కాలు అప్పజెప్పించుకునే రోజుల నుంచీ వింటున్నాను. అందుకే కాగితం మీద రాస్తున్నాను. దీన్ని చేపల తొట్టి పక్కన గోడకి అంటించుకో. నువ్వు కూడా ఏం చేశావో, ఏం చేయలేదో రాసే పంపు. ఫోన్లో అయితే "అంతా బాగానే ఉందక్కా" తప్ప నీ నోట్లోంచి ఇంకో ముక్క రాదు.

మీ బావకి బదిలీ అయినప్పుడు తొట్టిని నీ దగ్గర వదిలి రావడం నాకు ఎంత కష్టమైందో నీకు తెలుసు. ఈ క్వార్టర్లో మనుషులకే చోటు లేదు. నువ్వు పంపిన ఫోటో చూశాను. మొక్కలు ఉడికిన ఆకుకూరలా వేలాడుతున్నాయి. వాటికి తిండి చాలడం లేదు. మనం వదిలే గాలే వాటి తిండి. సోడాలో బుసబుసమనే గ్యాసే ఇది, కార్బన్ డయాక్సైడ్. దాన్ని కొద్దికొద్దిగా నీళ్ళలోకి వదలాలి.

రెగ్యులేటర్‌ని సిలిండర్ మెడకి బిగించేటప్పుడు వాషర్ మర్చిపోకు. బిగించాక సబ్బు నురగ రాసి చూడు. బుడగ లేచిందంటే లీకున్నట్టే. పక్కనున్న సన్న మరతో గ్యాసు తగ్గించడం, పెంచడం. దాన్ని వెంట్రుకవాసి తిప్పాలి, నీ మిషన్ చక్రం తిప్పినట్టు కాదు. గొట్టం చివర తెల్లబిళ్ళని తొట్టి అడుగున పెట్టు, దాంట్లోంచి గ్యాసు పొగలా సన్నగా వస్తుంది. లైటు వెలిగించేటప్పుడు గ్యాసు వదులు, లైటు ఆర్పేటప్పుడు కట్టేయ్. చీకట్లో మొక్కలు దాన్ని తినవు, చేపలకి ఊపిరాడదు.

అన్నిటికన్నా ముఖ్యం, తొట్టి లోపల గోడకి అంటించే చిన్న గాజుబుడ్డి. అందులో మందు చుక్కలు పోస్తే నీళ్ళు నీలంగా ఉంటాయి. నీలం అంటే గ్యాసు చాలలేదు. ఆకుపచ్చ అయితే సరిగ్గా ఉంది, మరని ఇక ముట్టుకోకు. పసుపు అయిందంటే చేపలు చచ్చిపోతాయి. అంతే. చిన్నపిల్లాడైనా చేయగల పని.

ఇక్కడ అంతా హడావిడి. నీ మేనల్లుడికి రైలు డ్రైవర్ ఉద్యోగానికి రాతపరీక్ష అయిపోయింది. ఇక వైద్యపరీక్ష మిగిలింది. మీ బావ వాడి బూట్లు తనే పాలిష్ చేస్తున్నారు. తన బూట్లు ఏనాడైనా తుడుచుకున్నారేమో అడుగు.

నీ అక్క


కొట్టు పైన గది

అక్కా,

నీ ఉత్తరం గోడకి అంటించాను. మొదటిరోజే తడిసి సగం అక్షరాలు అలుక్కుపోయాయి. అయినా పని మాత్రం పూర్తి చేశాను.

సిలిండర్ని మెట్లెక్కించేసరికి నా నడుము రెండుగా విరిగింది. గుండీల పిన్ని, అదే, మా కొట్లో గుండీలూ కాజాలూ కుట్టే ఆవిడ, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "అది పేలితే కింద కుట్టిన కోట్లు నాలుగు డెలివరీకి ఉన్నాయి బాబూ" అంది. నా ప్రాణం కన్నా ఆవిడకి కోట్లే ముఖ్యం. వాషర్ పెట్టకుండానే ఒకసారి బిగించాను. సిలిండర్ బుస్సుమని ఒక్క కేక పెట్టింది. పిన్ని మెట్లు దిగిన వేగం చూసి తీరాలి. తర్వాత వాషర్ పెట్టి, నురగ రాసి, అన్ని చోట్లా చూశాను. లీకు లేదు. తెల్లబిళ్ళలోంచి సన్నగా పొగలా వస్తోంది. బాగుంది.

ఒక్క మాట. ఆ గాజుబుడ్డి లేకుండా కుదరదా? గొట్టం మధ్యలో బుడగలు పోయే సీసా ఒకటి ఉంది కదా. ఎంత వేగంగా బుడగలు పోవాలో నువ్వు రాసేస్తే, నేను అలాగే పెట్టేస్తాను. లెక్క అయితే నాకు తేలిక. రంగులు చూస్తూ కూర్చోవడానికి కొట్లో తీరిక ఎక్కడిది? పెళ్ళిబట్టల రోజులు.

మేనల్లుడికి పరీక్ష బాగా జరగాలన్నానని చెప్పు. వాడు ఆ బేకరీలో పని నేర్చుకుంటానన్న మాట మానేశాడా? వాడు చేసి పంపిన బిస్కెట్లు పిన్నికి పంటికింద రాళ్ళలా తగిలాయట. నేను మాత్రం అన్నీ తినేశాను.

నీ తమ్ముడు


రైల్వే క్వార్టర్

తమ్ముడూ,

కుదరదు. బుడగలు లెక్కపెడితే చాలదు. ఒక్కో తొట్టి నీళ్ళు ఒక్కో రకం. ఎన్ని బుడగలు పోతున్నాయన్నది కాదు, నీళ్ళలో ఎంత కలిసిందన్నది కావాలి. అది చెప్పేది ఆ బుడ్డి ఒక్కటే. అది కూడా వెంటనే చెప్పదు, గంటో రెండు గంటలో ఆలస్యంగా రంగు మారుతుంది. కాబట్టి కొంచెం తిప్పి, ఆగి, చూసి, మళ్ళీ తిప్పు. రోజంతా రంగుల బట్టల మధ్య బతికేవాడివి, ఒక చెంచాడు నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయో లేదో చూడ్డానికి ఏడుస్తావేంట్రా. అన్నం పెట్టి, నోట్లో కూడా పెట్టమన్నట్టుంది నీ వరస.

అడుగున తిరిగే ముసలిచేపని చూసుకో. తాతయ్యని. వాడు నా కన్నా మొండివాడు, ఎంత కష్టం వచ్చినా పైకి రాడు. వాడు పైకొచ్చి నోరు తెరిచాడంటే పరిస్థితి చెయ్యి దాటినట్టే.

వైద్యపరీక్ష వచ్చే వారం. బేకరీ మాట ఈ ఇంట్లో ఎత్తకు. మొన్న వాడు "నాకు ఇంజన్ ఎక్కాలని లేదు నాన్నా" అన్నాడు. మీ బావ తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయారు. తర్వాత వాడే వెళ్ళి, సరే పరీక్షకి వెళ్తాను అన్నాడు. ఆయన తండ్రీ డ్రైవరే, ఆయనా డ్రైవరే. వీడు కాకపోతే ఇంట్లో ఎవరో పోయినట్టే ఉంటుంది ఆయనకి.

అక్క


కొట్టు పైన గది

అక్కా,

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. చేపలు పోయాయి.

నిన్న పొద్దున లైటు వేసి గ్యాసు వదిలాను. బుడ్డి నీలంగానే ఉంది. కొంచెం తిప్పాను. మళ్ళీ వచ్చి చూశాను, నీలమే. ఇంకాస్త తిప్పాను. తర్వాత చూస్తే నీలం పోయింది. హమ్మయ్య, ఆకుపచ్చ అయిందనుకుని కొట్లోకి దిగాను. ఒక కోటు చేతులు రెండూ విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది, ఆ పనిలో పడ్డాను. నిన్న పిన్ని రాలేదు, ఇంట్లో ఏదో పని ఉందట. మధ్యాహ్నం పైకి వస్తే చిన్నచేపలన్నీ నీటి అంచున నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. తాతయ్య కూడా.

సిలిండర్ కట్టేశాను. బకెట్లతో నీళ్ళు తోడి కొత్తవి పోశాను. కిటికీలన్నీ తెరిచాను. సాయంత్రానికి చిన్నవి కొన్ని తేరుకున్నాయి. మిగతావీ తాతయ్యా తేరుకోలేదు.

అక్కా, మొక్కలు మాత్రం ఎంత అందంగా ఉన్నాయో. ప్రతి ఆకు మీదా ముత్యాల్లా బుడగలు. అది చూస్తే ఇంకా సిగ్గేసింది.

ఆ సన్న మర సరిగ్గా లేదనుకుంటాను. తిప్పింది ఒకటైతే అదే వదులైపోయి ఎక్కువ వదిలినట్టుంది. అమ్మినవాడిని అడగాలి. నన్ను క్షమించు.

తమ్ముడు


రైల్వే క్వార్టర్

తమ్ముడూ,

తాతయ్య పోయాడని చదివి కాసేపు ఏడ్చాను. చేప కోసం ఏడ్చానని చెప్పుకోవడానికి కూడా ఈ ఇంట్లో ఇప్పుడు చోటు లేదు. అమ్మినవాడికి ఫోన్ చేసి, చచ్చు మర అంటగట్టావని నాలుగు దులిపాను. వాడు వచ్చి చూస్తానన్నాడు. చూపించు. దాని సంగతి ఇక వదిలేయ్. ఇక్కడ అంతకన్నా పెద్దది జరిగింది.

నీ మేనల్లుడు వైద్యపరీక్షలో తప్పాడు. చెవులు బాగున్నాయి, గుండె బాగుంది, దూరం చూపు బాగుంది. రంగుల దగ్గర తప్పాడు. చుక్కల పుస్తకం ఒకటి ఉంటుంది. పేజీ నిండా రంగురంగుల చుక్కలు, వాటి మధ్యలో ఒక అంకె. మంచి చూపున్నవాళ్ళకి అంకె కనపడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు విడదీసుకోలేని వాళ్ళకి చుక్కలే కనపడతాయి. మీ బావ ఆ పుస్తకాన్ని ఉద్యోగంలో ఎన్నిసార్లు చదివారో. వీడు పేజీ తర్వాత పేజీ "ఏమీ లేదు", "ఏమీ లేదు" అన్నాడట.

మీ బావ డాక్టర్ దగ్గరికి పరుగెత్తారు, నేను కూడా వెళ్ళాను. డాక్టర్ చెప్పిందేమిటంటే, ఇది తల్లి వైపు నుంచి కొడుక్కి వస్తుందట. తల్లికి బయటపడదు, ఆమె అన్నదమ్ములకో తండ్రికో ఉంటుంది. "మీ అన్నదమ్ముల్లో ఎవరికైనా ఉందా అమ్మా" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. మా తమ్ముడు దర్జీ అండీ, దారం రంగు ఇసుమంత తేడా పోనివ్వడు, ఊరంతా వాడి దగ్గరే కుట్టించుకుంటారు అన్నాను. నాన్నకి కూడా ఏమీ లేదని చెప్పాను. ఎవరికీ లేకుండా రావడం తక్కువే, మళ్ళీ చూద్దాం అన్నారు డాక్టర్.

ఇంటికొచ్చాక మీ బావ తేల్చేశారు. మేనమామకి లేదు, తాతకి లేదు, వీడికి ఆకాశంలోంచి ఊడిపడిందా, ఉద్యోగం తప్పించుకోవడానికి కావాలనే తప్పు చెప్పాడు, అని. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికెవడో అని వాడి ముఖం మీదే అన్నారు. వాడు "నాకు నిజంగా కనపడలేదు" అని ఒక్కసారే అన్నాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. కూరలో ఉప్పు కావాలన్నా నాతో చెప్పించుకుంటున్నారు.

నాకూ నమ్మకం కుదరడం లేదు రా. బేకరీ కోసం ఎంత పనైనా చేసేటట్టున్నాడు. నువ్వంటే వాడికి ప్రాణం. నిజం ఒప్పుకొమ్మని వాడికి రెండు ముక్కలు రాయి. నీ మాట వింటాడు.

అక్క


కొట్టు పైన గది

అక్కా,

నీ ఉత్తరం చదివాను. కొట్లో పని ఎక్కువగా ఉండి జవాబు ఆలస్యమైంది.

చేపల కొట్టు అతను వచ్చి చూశాడు. మర బాగానే ఉందట. నేనే సరిగ్గా చూసుకోలేదు. అతన్ని మళ్ళీ ఏమీ అనకు, పాపం మంచివాడు. మిగిలిన చేపలు బాగానే తింటున్నాయి. గ్యాసు మళ్ళీ పెట్టలేదు.

మేనల్లుడి గురించి. నువ్వు రాయమన్నట్టే వాడికో చీటీ రాసి ఇందులోనే పెట్టాను. "నాన్న నీ మంచి కోరే చెబుతున్నారు, ఉన్నది ఉన్నట్టు ఒప్పుకో, ఎవరూ ఏమీ అనరు" అని రాశాను. బావని కూడా మరీ కోప్పడొద్దని చెప్పు.

ఒంట్లో అంత బాగాలేదు. అందుకే పొడిగా రాస్తున్నాను.

తమ్ముడు


రైల్వే క్వార్టర్

ఒరేయ్ తమ్ముడూ,

నీకు ఏమిచ్చి రుణం తీర్చుకోను. నీ చీటీ పని చేసింది.

వాడికి ఇస్తే నిలబడే చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మామయ్య కూడా ఇదే అనుకుంటున్నాడా" అని అడిగాడు. మరి నీ మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఏమనుకుంటార్రా అన్నాను. భోజనాల దగ్గర వాళ్ళ నాన్నతో "అవును, కావాలనే తప్పు చెప్పాను" అన్నాడు. మీ బావ తిడతారనుకున్నాను. తిట్టలేదు. వాడి కంచంలో ఇంకో గరిటె అన్నం పెట్టారు. నాకైతే కొండంత బరువు దిగినట్టయింది.

మళ్ళీ పరీక్షకి పిలుస్తారట. మీ బావ ఎవరినో బతిమాలి, పరీక్షలో చూపించే ఆ చుక్కల పుస్తకాన్నే ఇంటికి తెచ్చారు. వీడికి అదంటే బెరుకు పోవాలని రోజూ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని పేజీలు తిప్పుతున్నారు. మొదటి రోజుల్లో తడబడ్డాడు. ఆయనే అంకె చెప్పి, చూడరా, ఇదిగో కదా అని వేలితో దిద్దించారు. ఇప్పుడు పేజీ తిప్పడమే ఆలస్యం, టకటకా చెప్పేస్తున్నాడు. వరసలో కాకుండా మధ్యలో తెరిస్తే మాత్రం ఇంకా కొంచెం తడుముకుంటాడు. పేజీ మూల వైపు చూస్తాడు, అక్కడ నలిగిన మడతలూ మరకలూ ఉంటాయి. అలవాటు అనుకుంటాను.

వాడు మాత్రం బాగా చిక్కిపోయాడు. ఉద్యోగం వస్తే అదే సర్దుకుంటుంది. పరీక్ష ఈ నెలాఖరున. కుదిరితే ఆ రోజుకి రా. అన్నిటికీ కారణం నువ్వే కదా.

అక్క


కొట్టు పైన గది

అక్కా,

ఈ ఉత్తరం బావ ముందు, వాడి ముందు పైకి చదువు. నువ్వు ఒక్కదానివే చదివి దాచేయకు. నీ మీద ఒట్టు.

వాడు అబద్ధం ఆడలేదు. నాకు కూడా కనపడదు.

ఎరుపు, ఆకుపచ్చ, గోధుమరంగు, పసుపు, ఇవన్నీ నాకు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. నీలం తెలుస్తుంది. అందుకే ఆ రోజు బుడ్డిలో నీలం పోవడం తెలిసింది. దాని తర్వాత వచ్చింది ఆకుపచ్చో పసుపో నాకు తెలియలేదు. ఆకుపచ్చే అనుకున్నాను, అనుకోవాలని ఉంది కాబట్టి. మిగతా రోజుల్లో "పిన్నీ, ఈ నీళ్ళు నీకే రంగులో కనపడుతున్నాయి" అని ఊసుపోక అడిగినట్టు అడిగేవాణ్ణి. ఆ రోజు పిన్ని లేదు. చేపల కొట్టు అతను వచ్చి బుడ్డి చూసి, "ఇది నిమ్మపండు రంగు కదండీ, ఎలా వదిలేశారు" అన్నాడు. నిర్లక్ష్యంగా వదిలేశానన్నాను. నిర్లక్ష్యం అనిపించుకోవడం నాకు హాయిగా ఉంది అక్కా. ఇదీ నా బతుకు.

దర్జీని ఎలా అయ్యానంటావు. దారపు రీళ్ళ మీద నెంబర్లు ఉంటాయి. నా సొరుగులన్నీ నెంబర్ల ప్రకారమే. కొత్త గుడ్డ వస్తే, పిన్ని అభిరుచి పరీక్షిస్తున్నట్టు "దీనికి ఏ దారం బాగుంటుందంటావ్" అంటాను. ఆవిడ తీసి పెడుతుంది. ఆవిడకి తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనలేదు. ఒకసారి కొట్లో జనం ఉండగా నేను తప్పు రీలు తీస్తే, "బాబూ, అది నాకు కావాలి, ఇలా ఇవ్వండి" అని నా చేతిలోంచి తీసుకుని సరైనది పెట్టింది. ఆ సాయంత్రం ఆవిడ ముఖం చూడలేకపోయాను. రంగు తెలియని దర్జీ అంటే ఊరు నవ్వుతుంది, కొట్టు మూతపడుతుంది అనే భయంతోనే ఇన్నాళ్ళూ బతికాను. నాన్నకి లేదు. అమ్మకి కూడా చెప్పలేదు. నీకు చెప్పలేదు.

అది దాచుకోవడం నా ఇష్టం, నా ఖర్మ. దానికి నేను అంతగా సిగ్గుపడటం లేదు. వాడికి చేసినదానికి సిగ్గుపడుతున్నాను. డాక్టర్ అడిగినమాట నువ్వు రాశావు, దర్జీ తమ్ముడికి ఏ లోపమూ లేదని నవ్వావని రాశావు. ఆ ముక్క చదివి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. జవాబు ఆలస్యమైంది పని ఎక్కువై కాదు. రోజూ రాద్దామని కూర్చుని లేచాను. చివరికి ఏం చేశాను? "ఉన్నది ఉన్నట్టు ఒప్పుకో" అని వాడికి రాశాను. వాడు ఉన్నది ఉన్నట్టే చెప్పాడని ఈ లోకంలో ఖాయంగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అలాంటివాణ్ణి వాడి చేత అబద్ధం చెప్పించాను. అది రాసి కవరు అంటించి, కిందికి దిగి మామూలుగా కొలతలు తీసుకున్నాను కూడా. తలుచుకుంటే తల కొట్టేసినట్టు ఉంది.

నువ్వు పంపిన చివరి ఉత్తరం చదివాక భయం వేసింది. వాడు అంకెలు చూడటం లేదు. పేజీ మూల మరకలు చూసి గుర్తుపెట్టుకుంటున్నాడు. నాకు తెలుసు, నేను కూడా అలాగే చేస్తాను. వాడు ఆ పుస్తకం నెగ్గుతాడు. నెగ్గి ఇంజన్ ఎక్కుతాడు. నా తొట్టిలో చేపలు పోయాయి. వాడి వెనక పెట్టెల్లో మనుషులు ఉంటారు అక్కా.

పుస్తకం మధ్యలో తెరిచి, మూల మీద చెయ్యి పెట్టి అడగండి. బావ నన్ను నమ్మకపోతే నేనే వస్తాను. అదే డాక్టర్ దగ్గర, బావ ముందే కూర్చుని ఆ పేజీలన్నీ చదవడానికి చూస్తాను. రాదని అందరూ చూడొచ్చు. కొట్లో కూడా చెప్పేస్తాను. పిన్నికి చెబుతుంటే, "అందరికీ ఎందుకు బాబూ, మీ మేనల్లుడికి చెప్పండి చాలు" అంది.

వాడికి ముఖం ఎలా చూపించాలో తెలియడం లేదు. ముందు ఈ ఉత్తరం చదువు.

తమ్ముడు


రైల్వే క్వార్టర్

తమ్ముడూ,

చదివాను. ఇద్దరినీ కూర్చోబెట్టి, నువ్వు చెప్పినట్టే పైకి చదివాను. సగంలో ఆగి, నీళ్ళు తాగి మళ్ళీ చదివాను.

మీ బావ మొదట ఒప్పుకోలేదు. మేనల్లుణ్ణి వెనకేసుకురావడానికి కట్టిన కథ అన్నారు, మొన్న ఒకటి రాసి ఇవాళ ఇంకోటి రాసేవాడి మాట ఏం పట్టుకోవాలి అన్నారు. నేను పుస్తకం తీశాను. మధ్యలో తెరిచి, మూల మీద అరచెయ్యి పెట్టి వాడి ముందు పెట్టాను. వాడు పేజీ వైపు చూడనేలేదు. నా చేతి వైపు చూశాడు. "తియ్యమ్మా, లేకపోతే చెప్పలేను" అన్నాడు.

"మరి కావాలనే చేశానని ఎందుకు చెప్పావురా" అన్నారు మీ బావ. "మీరందరూ ఒకటే మాట అంటుంటే ఇంకేం చెప్పను" అన్నాడు. ఆయన లేచి వెళ్ళి, శుభ్రంగా ఉన్న బూట్లని మళ్ళీ తుడుచుకుంటూ కూర్చున్నారు. వాడి బూట్లు. ఎంతసేపటికీ లేవలేదు. మర్నాడు పుస్తకం ఇచ్చేసి, పరీక్షకి రాడని చెప్పేసి వచ్చారు. వాడితో ఇంకా మాట్లాడలేదు. కోపంతో కాదు రా. పొద్దున డ్యూటీకి వెళుతూ గుమ్మంలో ఆగి, "బేకరీ ఎన్నింటికి తెరుస్తారు" అని గోడని అడిగినట్టు అడిగారు. వాడు చెప్పాడు. అంతవరకే వచ్చారు ఇద్దరూ.

నీ మీద కోపం వచ్చింది. చాలా వచ్చింది. కానీ నిన్ను తిట్టడానికి కలం పట్టుకుంటే చెయ్యి సాగడం లేదు. వాడు మూలలు చూస్తున్నాడని నీకు రాసింది నేనే. అలవాటు అనుకుంటానని రాసింది నేనే. నీకు రాసేటప్పుడే నాకు లోపల తెలుసు. తెలిసే పక్కకి తిరిగాను, ఇంట్లో మళ్ళీ మాటలు మొదలయ్యాయి, అవి ఆగిపోకూడదని. నువ్వు దూరంగా ఉండి చేశావు. నేను వాడి పక్కన కూర్చుని, బాగా చెప్పావు నాన్నా అని తల నిమిరాను. కాబట్టి మనిద్దరిలో ఎవరు ఎవరిని క్షమించాలో నాకు తెలియదు.

కింద కొంచెం చోటు వదిలాను. వాడు రాస్తానన్నాడు. నేను చదవను, అంటించి పంపేస్తాను.

అక్క

మామయ్యా,

నీకు కనపడదని తెలిసి మొదట సంతోషం వేసింది. నేను ఒక్కణ్ణే కాదు కదా అని.

తర్వాత నీ చీటీ మళ్ళీ తీసి చదివాను. అది వచ్చిన రోజు నుంచి ఏం జరిగిందో నీకు తెలియాలి. నాన్న అంటే నమ్మలేదు. అమ్మ అంటే నమ్మలేదు. నువ్వు కూడా అలా రాసేసరికి, నేను నిజంగానే కావాలనే తప్పు చెప్పానేమో అని నాకే అనుమానం వచ్చింది. రోజూ ఆ పేజీల ముందు కూర్చుని, అంకె అక్కడ ఉంది, నేనే చూడటం లేదు, నేను అంత చెడ్డవాణ్ణి అనుకున్నాను. అలా నమ్మేశాను మామయ్యా.

అది ఇంకా పూర్తిగా పోలేదు. నీకు ఉత్తరంలో ఏమీ రాయను. వచ్చెయ్. నాకు ఎదురుగా కూర్చుని నిన్ను తిట్టాలని ఉంది.